మెతోడి పొయ్యిల దుకాణానికి వచ్చిన పూలు

తను పనిచేసే బట్టలు కుట్టే మిల్లు మూతపడ్డాక ఇస్క్రాకు రెండే దారులు మిగిలాయి. ఒకటి, మా సెవ్లియెవో ఊరి ఆడవాళ్ళు చాలామందిలా గ్రీసు వెళ్ళి ఎవరి ముసలి తల్లికో సేవ చేయడం. రెండోది, ఇంట్లో కూర్చుని నేర్చుకున్న విద్యతో చిన్న దుకాణాలకు ఇంటర్నెట్ ప్రకటనలు చేసిపెట్టడం. మొదటిది తలచుకుంటేనే ఆమెకు ఏడుపు. రెండోదానికి తొలి బేరం ఇచ్చినవాడు మెతోడి. జుట్టు కత్తిరించే నా దుకాణానికి ఎదురుగా కట్టెల పొయ్యిలు, పొగగొట్టాలు అమ్ముతాడు. ఇది కుదిరితే వీధంతా ఆమె దగ్గరికి వస్తుంది. చెడితే గ్రీసు బస్సెక్కాల్సిందే.

"నా దగ్గర డబ్బు లేదమ్మాయ్, పొయ్యిలున్నాయి" అన్నాడు మెతోడి.

"డబ్బు తక్కువైతే బుర్ర ఎక్కువ పెడతాను బాబాయ్" అంది ఇస్క్రా.

పెట్టింది కూడా. మనిషి మొహం కనిపిస్తే చూపు ఆగుతుందట, మొహం పెట్టింది. ఫొటోగ్రాఫరుకు ఇచ్చేంత లేదు కాబట్టి, ఎవరిదో పెళ్ళిలో మెతోడి టై కట్టుకుని బిగుసుకుని నిలబడ్డ ఫొటో కత్తిరించింది. పెళ్ళి దీపాలకు మొహం ఎర్రగా వచ్చిందని నలుపు తెలుపులోకి మార్చింది. మాటలు తక్కువుండాలట: 'మెతోడి గాతెవ్. ముప్పై ఏళ్ళు మన ఇళ్ళకు వెచ్చదనం పంచిన మనిషి.' వార్తల సైటు తెల్లటి పేజీలో కలిసిపోకూడదని చుట్టూ దట్టమైన నల్ల గీత గీసింది. కొన్నది అన్నిటికంటే చవకైన చోటు, బాగా చిన్నది. పాపం, పొయ్యి బొమ్మ నలుసంత అయిపోయింది.

మర్నాడు పొద్దున నేను షట్టరు ఎత్తుతుంటే మాంసం కొట్టు పర్వాన్ టోపీ చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో చేమంతులతో నిలబడి ఉన్నాడు.

"ఎప్పుడు పోయాడు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరు?"

ఫోన్‌లో ఇస్క్రా చేసిన ప్రకటన చూపించాడు. మా దగ్గర మనిషి పోతే అచ్చం ఇలాంటి కాగితమే, నల్ల గీత మధ్య ఫొటోతో, గుమ్మాలకూ కరెంటు స్తంభాలకూ అంటిస్తాం. అది చూసి చూసి మా కళ్ళు చదవకుండానే గుర్తుపడతాయి.

ఇంతలో ఎదుటి తలుపు తెరుచుకుంది. చేతుల నిండా మసితో మెతోడి. "ఏం పర్వాన్, గొట్టం కావాలా?"

"నువ్వు... బతికే ఉన్నావా?"

"ఇప్పటిదాకా అయితే ఉన్నాను."

పర్వాన్ పూలు వీపు వెనక దాచేసుకున్నాడు. ఉత్త చేతులతో వెళ్ళడానికి మొహం చెల్లక, ఒక గొట్టం కొనుక్కుని మరీ వెళ్ళాడు.

అప్పుడే ఇస్క్రా పరుగున వచ్చింది. "అక్కా! పొద్దుట్నుంచి ప్రకటన మీద ఎంతమంది నొక్కారో చూడు!"

"చూశాను. నువ్వు కూడా ఆ నల్ల గీత ఒకసారి చూడు."

చూసింది. చెవుల దాకా ఎర్రబడింది. అక్కడికక్కడే ప్రకటన తీసేసింది. నా కుర్చీలో కూలబడి, జుట్టు కత్తిరించేటప్పుడు కప్పే గుడ్డ మొహం మీదికి లాక్కుంది.

స్తోయ్నా రాకపోయి ఉంటే ఇదంతా నవ్వులతోనే తేలిపోయేది. ఆమె మెతోడి భార్య. మొన్న వసంతంలోనే అతనికి గుండె ఆపరేషన్ అయింది. సంతలో ఉల్లిపాయలమ్మే ఆవిడ స్తోయ్నా చెయ్యి పట్టుకుని "దేవుడు ఆయన్ను క్షమించుగాక" అని, పోయినవాళ్ళ గురించి అనే మాట అందట. సంచీ అక్కడే పడేసి ఎత్తు దారంతా పరుగెత్తుకొచ్చింది. మొగుణ్ణి చూసి, రెండు పిడికిళ్ళతో అతని ఛాతీ మీద కొట్టబోయి, ఆపరేషన్ గుర్తొచ్చి భుజాల మీద కొట్టింది. తర్వాత ఒక పొయ్యి మీద చతికిలబడింది.

"దారి పొడుగునా ఆఖరిసారి ఆయనకు ఏ చొక్కా తొడగాలా అనుకుంటూ వచ్చానే" అంది ఇస్క్రాతో.

"పిన్నీ..." అంది ఇస్క్రా.

"నాకేం చెప్పొద్దు. ఆ గుమ్మంలో నిలబడు. పూలు పట్టుకొచ్చేవాళ్ళందరికీ నీ నోటితోనే చెప్పు."

నిలబడింది. "బతికే ఉన్నారండీ. అది ప్రకటన. చేసింది నేనే" అని నేల చూపులతో గొణిగింది. చెవిటి తాత ఒకాయన "గట్టిగా చెప్పమ్మా!" అని అరిచాడు. గట్టిగా చెప్పింది. వీధంతా విన్నది. పోయినవాళ్ళకైతే సరిసంఖ్యలో తెస్తారు పూలు, బతికున్నవాళ్ళకు బేసి ఉండాలి. అందుకని వచ్చిన ప్రతి గుత్తిలోంచీ ఒకటి లాగేసి మిగతావి లోపలికి అందించింది. ఒకావిడ కర్మకు పెట్టినట్టు చక్కెర వేసి ఉడికించిన గోధుమలే తెచ్చింది. "నా పేర వండినవి నేను తింటే తప్పా?" అని మెతోడి చెంచా ఎత్తాడు. భార్య చూసిన చూపుకు దించేశాడు.

సాయంత్రం పర్వాన్ మళ్ళీ వచ్చాడు. ఇస్క్రా అలవాటుగా "బతికే ఉన్నారండీ" అనేసింది.

"తెలుసులేమ్మా. నాకూ ఒకటి చేసిపెడతావా? నా మొహం మాత్రం వద్దు, సాసేజీల బొమ్మ చాలు."

వెక్కిరిస్తున్నాడో నిజంగానే అడుగుతున్నాడో ఆమెకు తెలియలేదు. లాగేసిన పూలన్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది.

లోపలినుంచి స్తోయ్నా గొంతు వినిపించింది: "చేస్తుంది. కానీ ఊరు చూడకముందు నాకు చూపించాలి."

"చూపిస్తాను పిన్నీ" అంది ఇస్క్రా, పూల వెనకనుంచి.