మావయ్య బండికి వణుకు జబ్బు

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో మోటారు సైకిలు చప్పుడు వినపడితే, ఎవరిదా అని బయటికొచ్చి చూడనక్కర్లేదు. ఊరంతటికీ ఉన్నది ఒక్కటే, అది మా మావయ్యది. మోపిదేవి దాటాక కాలవ గట్టు వెంబడి కాసిని ఇళ్ళు, ఒక చిన్న చర్చి, వెనకంతా వరిచేలు, అదీ ఊరు. గుడివాడలో మా బడికి సెలవులివ్వగానే నాన్న నన్ను తీసుకొచ్చి చల్లపల్లి సెంటర్లో మావయ్యకు అప్పగించేవారు. అక్కణ్ణించి బండి ట్యాంకు మీద కూర్చుని ఊరు చేరేదాకా నా అంత గొప్పది ఈ లోకంలో లేదనుకునేదాన్ని.

మావయ్య ఎరువుల ఏజెంటు. ఇటు బందరు నుంచి అటు హంసలదీవి దాకా ఆ బండి మీదే తిరిగేవాడు. అత్తయ్య నర్సు. సముద్రం వైపు పల్లెల్లో కాన్పులు చూడడం ఆవిడ ఉద్యోగం. ఆ పల్లెలకు బస్సుండదు. ఉన్నా, నొప్పులొచ్చే వేళకు రాదు. అందుకని మావయ్యే వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. కాన్పు సామాను రేకు పెట్టెలో సర్ది, క్యారేజికి తాడుతో బిగించి కట్టేవాళ్ళు. ఆ పెట్టెతో బండి కనబడితే చాలు, దారిలో ఆడవాళ్ళు పని ఆపి మరీ నమస్కారం పెట్టేవారు. ఆ నమస్కారాలన్నీ తనకేనని మావయ్య తల ఊపుతూ పోయేవాడు.

నేను చెప్పబోయేది ఉప్పెన వచ్చి వెళ్ళిన తర్వాతి వేసవి సంగతి. ఆ ఏడు దివిసీమ ఎలా ఉందో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, చూడనివాళ్ళకు చెప్పినా తెలియదు. మా వాళ్ళు బతికి బయటపడ్డారు గానీ అమ్మమ్మ చెల్లెలి ఇల్లు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. అప్పటినుంచి అమ్మమ్మ ఇంట్లోవాళ్ళెవరూ గడప దాటితే మళ్ళీ వచ్చేదాకా వీధి అరుగు మీదే కూర్చునేది. రోడ్లు కొట్టుకుపోయి, కంకర తేలి, గుంటలమయంగా ఉండేవి. ఆ గుంటల్లో నెలల తరబడి తిరిగీ తిరిగీ మావయ్య బండికి ఒక జబ్బు పట్టుకుంది. కాస్త జోరందుకోగానే ముందు చక్రం ఊగడం మొదలుపెట్టేది. ముందు సన్నగా వణికి, చూస్తుండగానే చేతుల్లో హ్యాండిలు అటూ ఇటూ కొట్టుకునేది. వెనక మనిషీ పెట్టే ఉంటే మరీనూ.

మా ఊళ్ళో వైద్యం తెలియనివాళ్ళు ఉంటారేమో గానీ సలహా తెలియనివాళ్ళు లేరు. మిల్లులో పనిచేసే బాబాయి వచ్చి హ్యాండిలు కింద నట్టు వదులైందని ఒక చుట్టు బిగించాడు. మర్నాడు ఇంకొకాయన వచ్చి, చాల్లేదని ఇంకో చుట్టు బిగించాడు. వణికే కొద్దీ బిగించారు, బిగించే కొద్దీ బండి మొండికేసింది. చర్చి అయ్యగారు దారినపోతూ ఆగి, బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశారు. బండి వణుకు తగ్గలేదు గానీ మావయ్య వణుకు తగ్గిందని ఆయనే నవ్వారు. మావయ్య మాత్రం బండిని ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. తప్పంతా రోడ్డుదేనని ఆయన వాదన.

చివరికి ఒకరోజు కోడూరు నుంచి వస్తుండగా బండి అదుపు తప్పి గట్టు దిగిపోయింది. దేవుడి దయవల్ల తుమ్మ కంప అడ్డుపడి ఆగారు. అత్తయ్య మోచెయ్యి చీరుకుపోయింది, రేకు పెట్టె కాలవలో పడితే నీళ్ళలో దిగి వెతికి తీసుకున్నారు. తడిసిన బట్టలతో ఇద్దరూ ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ అరుగు మీద నుంచి లేచిన తీరు నాకింకా గుర్తే. ఏడవలేదు, తిట్టలేదు. బండి అమ్మెయ్యాలంది. బండి లేకపోతే అత్తయ్య ఆ పల్లెలకు వెళ్ళలేదు కాబట్టి ఉద్యోగమూ మానెయ్యాలంది. "పోగొట్టుకున్నది చాలు, ఇంక నావల్ల కాదు" అంది. మావయ్య బండి అమ్ముతానని బందరుకు కబురు పంపాడు. ఆదివారం ఆరాధన అయ్యాక బందరు నుంచి బండి చూసుకోవడానికి మనిషి వస్తాడని కబురొచ్చింది.

అత్తయ్య అసలు ఆ రోజుల్లో ఎక్కువ మాట్లాడేది కాదు. కోడి కూయకముందే లేచి అందరికీ వండి, నీళ్ళు తోడి, గేదె దగ్గర శుభ్రం చేసి, అప్పుడు ఉద్యోగానికి బయల్దేరేది. సాయంత్రానికి చేతిలోంచి గిన్నెలు జారిపోయేవి. ఊరికే విసుక్కునేది, ఒకోసారి పొయ్యి దగ్గర కళ్ళు తుడుచుకునేది. కోడలికి ఉద్యోగం వచ్చాక నిదానం పోయిందని అమ్మమ్మ చుట్టుపక్కల వాళ్ళతో అనేది. నాకూ అలాగే అనిపించేది.

శనివారం మధ్యాహ్నం అత్తయ్య వాకిట్లోకి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. మావయ్య చేత దాన్ని నడిమి స్టాండు మీద నిలబెట్టించింది. ముందు చక్రం నేల విడిచి గాలిలోకి లేవాలంటే వెనక బరువుండాలి. నన్ను ఎత్తి క్యారేజి మీద కూర్చోబెట్టింది. చక్రం కాస్త లేచినట్టే లేచి మళ్ళీ నేలకు ఆనింది. అరుగు మీద అమ్మమ్మ చింతపండు గింజలు తీస్తోంది. భారీ మనిషి. అత్తయ్య అటు తిరిగింది.

"అత్తయ్యా, మీరొచ్చి ఒక్క క్షణం కూర్చోవాలండీ."

"ఆ బండి ఎక్కనని దేవుడి ముందు చెప్పాను."

"ఇది కదలదండీ, స్టాండు మీదుంది. కదలనప్పుడు బండేమిటి, బల్లేమిటి?"

వాకిట్లో ఏదో జరుగుతుంటే తాను లేకపోవడం అమ్మమ్మ ఎలాగూ భరించలేదు. మావయ్య పక్కనే ఉన్నా, స్వయంగా చూస్తేనే నమ్ముతుందని అత్తయ్య ఆవిడనే పిలిచిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. నేను దిగాక అమ్మమ్మ సణుగుతూ వచ్చి, చీర సర్దుకుని, మావయ్య భుజం ఆసరాతో వెనక కూర్చుంది. ముందు చక్రం బుద్ధిగా గాలిలోకి లేచింది. అప్పుడు అత్తయ్య రెండు వేళ్ళతో హ్యాండిలు పట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పింది. కాన్పుకొచ్చినవాళ్ళ కడుపు చూసేటప్పుడు ఆవిడ మొహం అలాగే ఉండేదట. తర్వాత నా వేలు తీసుకుని హ్యాండిలు మీద పెట్టించింది. పక్కలకు బాగానే తిరుగుతోంది. సరిగ్గా మధ్యకు, తిన్నగా వచ్చేసరికి, గుంటలో కాలు పడ్డట్టు టక్కున ఆగిపోతోంది. కాస్త నెడితే గానీ కదలడం లేదు.

అమ్మమ్మ ఊరుకుంటుందా? తనూ చూస్తానని దిగింది. దిగగానే చక్రం నేలకు ఆనింది. ఆవిడ హ్యాండిలు పట్టుకుని తిప్పి, "ఏదీ, ఏమీ లేదే! అంతా గట్టిగానే ఉందే!" అంది. అత్తయ్య నవ్వి ఈసారి మావయ్యను వెనక కూర్చోబెట్టింది. చక్రం లేచింది. అమ్మమ్మ మళ్ళీ తిప్పింది. మధ్యకు రాగానే ఆవిడ చెయ్యి ఆగింది. ఇంకోసారి తిప్పింది. మళ్ళీ ఆగింది. మా అందరి మొహాలూ చూసింది.

"నిలబడ్డ మనిషి కడుపు నొక్కితే ఏం తెలుస్తుందండీ? పడుకోబెట్టి, మోకాళ్ళు మడిపించి, ఒళ్ళు వదులు చేయిస్తేనే లోపలున్నది చేతికి తగులుతుంది. ఇన్నాళ్ళూ బరువు మీదుండగానే చూశారు, బిగించారు. బరువు దించి ఎవరూ చూడలేదు" అంది అత్తయ్య.

ఆదివారం బందరు నుంచి వచ్చిన మనిషికి అమ్మమ్మ చల్లటి మజ్జిగిచ్చి, బండికి ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించేసింది. సోమవారం మావయ్య ఒక్కడే ఖాళీ బండిని నెమ్మదిగా నడుపుకుంటూ బందరు వెళ్ళాడు. అక్కడ తనకు తెలిసిన సాయిబు గారి షెడ్డులో హ్యాండిలు విప్పించి, లోపల అది తిరిగే ఇనప గుళ్ళూ, అవి కూర్చునే కప్పులూ కొత్తవి వేయించాడు. నట్టు ఎంత బిగించాలో అంతే బిగించారు. చక్రం పైకి లేపి వేలితో తాకితే హ్యాండిలు తనంతట తనే పక్కకు వాలిపోవాలట, అదీ గుర్తు. ఇకమీదట రేకు పెట్టె క్యారేజి చివర కట్టొద్దని, అలా కడితే ముందు చక్రం తేలికైపోతుందని కూడా సాయిబు గారు చెప్పి పంపారు. ఆ రోజు నుంచి పెట్టె అత్తయ్యకూ మావయ్యకూ మధ్యకు చేరింది. మొగుడూ పెళ్ళాల మధ్య అడ్డుగోడ కట్టారని మావయ్య వాపోయేవాడు.

మావయ్య పాత కప్పు ఒకటి తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టాడు. నున్నగా మెరవాల్సిన అంచు మీద వరసగా చిన్న చిన్న గుంటలున్నాయి. మన వైపు రోడ్లన్నీ కాలవ గట్ల మీదవి కాబట్టి తిన్నగా ఉంటాయని, హ్యాండిలు ఎప్పుడూ ఒక్కచోటే నిలబడుతుందని, రోడ్డు మీద తగిలిన ప్రతి దెబ్బా ఆ ఒక్కచోటే పడి ఇలా అయిందని చెప్పాడు. అమ్మమ్మ ఆ గుంటల మీద గోటితో రాస్తూ చాలాసేపు కూర్చుంది.

"ఇనుమురా ఇది. రోజూ ఒకేచోట దెబ్బ తింటే ఇనుముకే ఇలా అయింది" అంది.

అలా అంటూ లోపలికి చూసింది. వంటింట్లో అత్తయ్య పొయ్యి ముందు కూర్చునే కునికిపాట్లు పడుతోంది. నేనేదో అడగబోతే అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది.

మర్నాడు తెల్లవారి అత్తయ్య లేచేసరికి పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అమ్మమ్మ గేదె దగ్గర ఉంది. అత్తయ్య కంగారుగా పరిగెత్తుకెళ్ళి చేతిలోంచి చెంబు లాక్కోబోతే, "నీ పెట్టె సర్దుకో అమ్మాయ్, ఆలస్యమవుతుంది" అంది అమ్మమ్మ. అత్తయ్య అక్కడే నిలబడి చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఉద్యోగం మానే మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పింఛను తీసుకునేదాకా అత్తయ్య ఆ పల్లెల్లోనే కాన్పులు చేసింది. ఆ వేసవి మిగిలిన రోజుల్లో ఆవిడ చేతిలోంచి గిన్నె జారడం నేను చూడలేదు. ఆ తర్వాతి ఆదివారం చల్లపల్లి పెద్ద చర్చిలో ఆరాధనకు మావయ్య వెనక కూర్చుని వెళ్ళింది ఎవరనుకున్నారు? మా అమ్మమ్మే. దేవుడి ముందు చెప్పిన మాట ఏమైందని మావయ్య అడిగితే, ఆయనకు నేను సర్దిచెప్పుకుంటాలే, నువ్వు రోడ్డు చూడు అందట.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. నాకూ జుట్టు నెరిసింది. ఇంట్లో ఎవరైనా ఊరికే విసుక్కుంటే, మాట తూలితే, నాకూ ముందు నోటిదాకా వచ్చేది కోపమే. గట్టిగా ఒకటి అనాలని, ఇంకో చుట్టు బిగించాలని ఉంటుంది. అప్పుడు ఆ వాకిలి గుర్తొస్తుంది. మొన్న మా కోడలు పని నుంచి వచ్చి గుమ్మంలోనే పిల్లవాడి మీద అరిచింది. నేను లేచి వెళ్ళి, ముందు తన భుజం మీది సంచి అందుకున్నాను. ఎలా ఉన్నావమ్మా అని ఆ తర్వాతే అడిగాను.