నూలు దట్టీలు

ఆస్పరి నుంచి ఆదోని పోయే దారిలో ఉంటుంది మా ఊరు. అక్కడి పీర్లచావిడిలో పీర్ల బాగోగులు చూసే ముజావరు బడే సాబ్. ఏడాదంతా దూది ఏకి బతికేవాడు. ఆదోనికి పోయే పత్తి బండ్ల నుంచి దారిలో రాలిన దూదిని కూడా ఏరి సంచిలో వేసుకునేవాడు. కోపిష్టి, మొండి. పనికొచ్చేదాన్ని ఎవరైనా పారేస్తే ఒళ్లు మండేది. బడే సాబ్ ఇంట్లో చెత్తకుండ ఎప్పుడూ ఆకలితోనే ఉంటుందని మా నాయన ఎగతాళి చేసేవాడు. మొహర్రం నెలవంక కనిపించిందంటే మాత్రం ఆయన మాటే ఊరి మాట.

పీరుకు కట్టే గుడ్డను దట్టీ అంటాం. హిందువులైనా ముస్లిములైనా, మొక్కుకున్నవాళ్లు తెచ్చి కట్టిస్తారు. బడే సాబ్ ఒప్పుకునేది నూలు గుడ్డ ఒక్కటే. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిందైతే ముఖం వికసించేది. పండుగయ్యాక దట్టీలు విప్పి, ఉతికి, పెట్టెలో దాచి, మరుసటి ఏడు మళ్లీ కట్టేవాడు. బాగా నలిగిపోయినవాటితో ఆయన భార్య నసీబ్‌బీ బొంతలు కుట్టేది. ఊళ్లో ఎవరింట బిడ్డ పుట్టినా మొదట పడుకునేది ఆ బొంత మీదే. నేనూ పడుకున్నానట. నిప్పుల గుండానికి కూడా పచ్చని చెట్టు మీద గొడ్డలి వేయనిచ్చేవాడు కాదు. ఎండిన తుమ్మ మొద్దులు, విరిగిన బండి చక్రాలు తేవాల్సిందే.

డెబ్బైల చివర్లో ఆదోని అంగళ్లలోకి నైలాను గుడ్డ దిగింది. పక్క ఊళ్ల పీర్లు తళతళలాడుతుంటే, వెలిసిపోయిన మా దట్టీలను చూసి మావాళ్లకు చిన్నతనంగా అనిపించింది. బడే సాబ్‌ను పిసినారి అన్నారు. ఆయన లెక్కచేయలేదు.

"బొంతకు పనికిరాదు, బిడ్డ కింద ఏస్తే తడి పీల్చదు. అదేం గుడ్డప్పా?" అనేవాడు.

మారెప్ప వచ్చేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు.

మారెప్ప కూలి మనిషి. మేడి పట్టినా కొడవలి పట్టినా ఊళ్లో ఆయన తర్వాతే ఎవరైనా. పెద్ద పీరును ఎత్తుకుని గుండం తొక్కేది ఆయనే. పెళ్లయి చాలాకాలం పిల్లల్లేరు. కొడుకు పుడితే దట్టీ కట్టిస్తానని, గుండం దాటాక అందులోంచి పీలిక చించి బిడ్డ మణికట్టుకు తన చేత్తోనే కడతానని మొక్కుకున్నాడు. ఎనభై రెండులో భార్య హులిగమ్మకు మగబిడ్డ పుట్టాడు. ఆ మొహర్రానికి మారెప్ప ఆదోని పోయి, జరీ అంచున్న ఆకుపచ్చ నైలాను గుడ్డ తెచ్చాడు.

"ఇది వద్దప్పా మారెప్పా. నూలుది తేపో," అన్నాడు బడే సాబ్.

"నా కొడుకు మొక్కు సాబన్నా. అంగట్లో ఉండేదాంట్లో మంచిది ఏరి తెచ్చినా. ఈ ఒక్క ఏడు కట్టన్నా."

బడే సాబ్ గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూశాడు. వద్దన్నట్టు నసీబ్‌బీ గడప దగ్గర నుంచి తల అడ్డంగా ఊపింది. ఆయనకూ తెలుసు. కానీ అంత సంతోషంగా ఉన్న మారెప్ప ముఖాన్ని ఊరంతా చూస్తుండగా చిన్నబుచ్చలేకపోయాడు. సరేనన్నాడు. అంతటి మొండివాడికి మెత్తబడడానికి ఆ రోజే దొరికిందా అని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

తెల్లవారుతుండగా మారెప్ప పీరును రెండు చేతులా పట్టుకుని గుండంలోకి దిగాడు. గాలికి లేచిన నిప్పురవ్వ దట్టీ కొసన పడింది. నూలు గుడ్డల మీద అలాంటివి ఎన్నో పడేవి. చేత్తో తట్టి ఆర్పేవాళ్లు, చిల్లు పడితే నసీబ్‌బీ మాసిక వేసేది. ఈ గుడ్డ కరిగింది. కరిగి మంటతో సహా మారెప్ప వేళ్ల మీదికి కారింది. పీరును వదిలేస్తే చేతులు దక్కేవి. ఆయన వదల్లేదు. గట్టెక్కి, బడే సాబ్ చేతికి అందించాకే కూలబడ్డాడు.

నీళ్లు పోసి గుడ్డను లాగితే దాంతోపాటు చర్మం ఊడి వచ్చింది. ఆదోని ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. ప్రాణం నిలిచింది గానీ వేళ్లు లోపలికి ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. మేడి పట్టే పని పోయింది. హులిగమ్మ కూలికి పోతే ఆయన ఊరివాళ్ల గొర్రెలు కాసేవాడు.

ఆ తర్వాత మా ఊళ్లో ఎవరూ నైలాను దట్టీ తేలేదు. నువ్వన్నదే నిజమైంది అని ఎవరైనా అంటే బడే సాబ్ అక్కడి నుంచి లేచి పోయేవాడు.

"నేను వద్దని ఉంటే వానికి ఒక పూట కోపం వచ్చేది, అంతే కదా," అని నసీబ్‌బీ దగ్గర ఏడ్చేవాడట.

మరుసటి మొహర్రానికి మారెప్ప మళ్లీ దట్టీ తెచ్చాడు, ఈసారి ఎమ్మిగనూరు నూలుది. పీరును ఇంకొకరు ఎత్తుకున్నారు. గుండం అయ్యాక బడే సాబ్ పీలిక చించి మారెప్ప అరచేతిలో పెట్టాడు. హులిగమ్మ చంకలోని బిడ్డ చేతికి మారెప్ప దాన్ని చుట్టాడు. ముడి వేయబోతే జారిపోయింది. మళ్లీ చుట్టాడు, మళ్లీ జారింది. ఆటనుకుని బిడ్డ కిలకిలా నవ్వాడు.

"నువ్వే కట్టు సాబన్నా. ఈ చేతులతో కాదు," అన్నాడు మారెప్ప, ఏ నిష్ఠూరమూ లేకుండా.

బడే సాబ్ కట్టాడు. ఆయన బతికినన్నాళ్లూ ప్రతి మొహర్రానికీ ఆ పిల్లవాడికి పీలిక కట్టింది ఆయనే. ముడి వేసేటప్పుడు మాత్రం మారెప్ప వైపు చూసేవాడు కాదు.