సాక్ష్యం చెప్పాక మాత్ర

కరోనాకు ముందటి ఏడాది వేసవిలో నన్ను గుడివాడ నుంచి దివిసీమకు బదిలీ చేశారు. క్షయ విభాగంలో చికిత్స పర్యవేక్షకుణ్ణి. మెడికల్ ఆఫీసరుకు కింద, ఆశా కార్యకర్తలకు పైన ఉండే ఉద్యోగం. చీవాట్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. రోగి ఆరు నెలలూ రోజూ మాత్రలు మింగేలా చూడటం నా పని. రెండు నెలలకే దగ్గు తగ్గి ఒళ్ళు తేరుకుంటుంది. ఆ మనిషి చేత మిగతా నాలుగు నెలలు మింగించడమే కష్టం. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఈసారి అదే మందుకు లొంగకపోవచ్చు. మాది బందరులో కిరాణా కొట్టు. వద్దన్నవాడి చేతిలోనూ సరుకు పెట్టి పంపగలనని నాకు కొంచెం గీర ఉండేది.

నాగాయలంక దగ్గర ఒక ఊళ్ళో, రొయ్యల షెడ్డులో పనిచేసే మార్తమ్మ మాత్రలు ఆపేసిందని ఆశా కార్యకర్త కబురు చేస్తే వెళ్ళాను.

"మానెయ్యలేదండీ, అక్కర్లేకపోయింది," అంది మార్తమ్మ. "పోయిన ఆదివారం చర్చిలో సంఘం ముందు నిలబడి స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పేశాను. మళ్ళీ మాత్ర మింగితే దేవుడి పేరు మీద అబద్ధమాడినట్టు కాదా?"

ప్రార్థనతో బాగుపడ్డవాళ్ళు లేచి ఆ సంగతి అందరికీ చెప్పడం ఆ సంఘంలో ఆనవాయితీ. భయపెట్టాను, బతిమాలాను. ప్రాణం మీదికొస్తుందన్నా ఆవిడ కదల్లేదు. ఇక మిగిలింది పాస్టరుగారు.

బేరానికి వెళ్ళినచోట మంచినీళ్ళు కూడా ముట్టవద్దని మా నాన్న చెప్పేవాడు. పాస్టరుగారి ఇంట్లో అది సాగలేదు. జబ్బుతో ప్రార్థనకు వచ్చినవాళ్ళకు చర్చి పక్క రేకుల షెడ్డులో చోటు, పాస్టరుగారి భార్య చేతి భోజనం. నన్నూ ఆ లెక్కలోనే వేశారు.

"ముందు భోంచెయ్యండి అన్నయ్యగారూ. ఆకలి మీద మాట్లాడితే మీరు కోప్పడతారు, ఈయన ఉడుక్కుంటారు," అందావిడ. నేను చేపలు తిననని ఎవరో చెప్పినట్టున్నారు, గోంగూర పప్పు వేరే వండింది. రెండోసారి వడ్డించుకునేసరికి నా బిగువు సగం సడలింది. మార్తమ్మ ఒంటికి పట్టిన తిండి కూడా ఈ వంటింటిదేనని అప్పుడు తెలిసింది.

స్వస్థత ఇంకా కాలేదని సంఘంలో చెప్పమని పాస్టరుగారిని అడిగాను.

"ఎలా చెప్తానండీ? జ్వరం పోయిన మాట నిజమేగా?"

"పోయింది మా మాత్రలతో."

"మా ప్రార్థనతో."

ఒకే గిరాకీ కోసం ఎదురెదురు కొట్లవాళ్ళం అరుచుకున్నట్టుంది. ఆవిడ మజ్జిగ పోస్తూ అంది: "ఎవరివల్లనన్నది ఇద్దరూ వదిలెయ్యండి. మార్తమ్మ చెప్పింది అబద్ధం కాదని అన్నయ్యగారు ఆదివారం చెప్పాలి. మాత్ర మింగితే విశ్వాసం పోదని మీరు చెప్పాలి."

"మందుతో తగ్గిందన్న ఒక్క ముక్క కలుపుకుంటానమ్మా."

"కలిపితే మార్తమ్మ లేచి వెళ్ళిపోద్దండి."

"పోనీ, చివర్లో. చిన్నగా."

"చిన్నగా కూడా వద్దు. ఇంకాస్త మజ్జిగ పొయ్యనా?"

ఆవిడ చెప్పిన బేరంలో రవ్వంత కూడా తగ్గించలేక లేచాను.

ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పాను: మార్తమ్మ చెప్పింది నిజం, దగ్గూ జ్వరమూ తగ్గాయి, లోపల క్రిములు మిగిలి ఉన్నాయి, మిగతా నెలలూ మాత్రలు వాడాలి. పాస్టరుగారు ఆమె తల మీద చెయ్యిపెట్టి ప్రార్థించి, మందు వాడటం అవిశ్వాసం కాదన్నారు.

"అయితే నా సాక్ష్యం నిలబడినట్టేనా అయ్యగారూ?"

"నిలబడింది. మాత్ర వేసుకో."

భోజనాలకు ముందు, అందరూ చూస్తుండగా మింగింది. తర్వాత ఒక్క రోజూ తప్పలేదు. చివరి కఫం పరీక్షలో క్రిములు కనబడలేదు. ఆమె మళ్ళీ సాక్ష్యం చెప్పింది. అందులో మాత్రల ఊసు లేదు. నేను వెనక వరసలోనే ఉన్నాను, సరిదిద్దలేదు.

ఆ తర్వాత మందు మానేసిన ఏ రోగి దగ్గరికి వెళ్ళినా, నలుగురిలో ఏం చెప్పుకున్నారని ముందు కనుక్కునేవాణ్ణి. ఆ మాట పోకుండా మందు మింగే దారి చూపిస్తే చాలామంది మింగుతారు. జబ్బు తగ్గించిన పేరు ఎవరికి వెళ్ళినా చికిత్సకు నష్టం లేదు.