రెండు ఎడమ చేతులు

బల్బు మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకడు నిచ్చెన మీద ఉండగా, కింద ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం విన్నాడు.

"పిన్నీ, డాక్టరుగారి చేతులు కత్తిరించేశావా?"

"ఇందాకే కత్తిరించేశానే. ఇంక మెడ ఒక్కటే మిగిలింది."

"మరి ఆ ముసలాయన?"

"ఆయన్ని నిన్ననే విప్పేశాను. ముక్కలన్నీ మూటగట్టి బల్ల కింద పెట్టాను, చూడు."

ఆ మనిషి బల్బు బిగించకుండానే నిచ్చెన దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రమ్మని కబురు పెడితే తమ్ముణ్ణి పంపించాడు.

నాటకశాల వెనక, మెట్ల కింద ఉన్న ఆ గదిలో భాషే అంత. కోటుకు ఉండేదీ చెయ్యే, మనిషికి ఉండేదీ చెయ్యే. లోపల మనిషి ఉన్నాడా లేదా అన్నది వాళ్ళకు పట్టదు. ఆ గదికి ఏలిక కత్తెర పిన్ని. ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గాని, ఆ పేరుతో పిలిస్తే ఆవిడే పలకదు. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, కొంగు కొసన సుద్దబిళ్ళ. తన కత్తెరతో ఎవరైనా కాగితం కోశారో, ఆ రోజు వాళ్ళకు మూడినట్టే. మఖమలు పరిచి ఉన్నప్పుడు టీ గ్లాసుతో గుమ్మం దాటితే మేనేజరునైనా సరే బయటికి తోలేస్తుంది. మఖమలు మీద ఒక్క నీటిబొట్టు పడినా మచ్చ పోదని ఆ గదిలో గోడలకు కూడా కంఠతా వచ్చు.

పొద్దుటిపూట సినిమా స్టూడియోలో, మధ్యాహ్నం నుంచి నాటకశాలలో ఆవిడ పని. కొలతలు తీయడం, గీయడం, కోయడం వరకే. రెండుచోట్లా కుట్టేది మిషనక్క. "నాటకానికి దూరం నుంచి కనిపించేలా కోయాలి, సినిమాకి దగ్గర నుంచి దొరక్కుండా కోయాలి" అని నవ్వేది పిన్ని. వెనక వరుసలో కూర్చున్నవాడికి గుండీ ఎటుందో ఏం తెలుస్తుంది? కెమెరాకు మాత్రం దారప్పోగు కూడా దాగదు.

ఈ విద్య ఆవిడకు మేనత్త దగ్గర నుంచి వచ్చింది. చిన్నప్పుడు కిటికీ తెర కత్తిరించి బొమ్మకు గౌను చేసిందని తల్లి చీపురు పుచ్చుకుని వీధంతా తరిమితే, పోయి పోయి మేనత్త వెనక దాక్కుంది. ఆ మేనత్త నాటక కంపెనీలో బట్టలు కోసేది. ఆవిడ గౌను అటూ ఇటూ తిప్పి చూసి, "వదినా, దీన్ని కొట్టకు, నాకిచ్చెయ్" అంది. మొదటిరోజే పాఠం చెప్పింది. "కోసే ముందు ముక్కు గోక్కో, జుట్టు సర్దుకో, తుమ్మొస్తే తుమ్మెయ్. కత్తెర పెట్టాక మాత్రం ఊపిరి కూడా నన్నడిగే తీసుకో."

మొగుడు కూడా ఆ టేపుకే దొరికాడు. ఈటె పట్టుకుని నిలబడే భటుడి వేషానికి కొత్తగా చేరిన కుర్రాడు కొలతలకు వచ్చాడు. పిన్ని ఛాతీ చుట్టూ టేపు వేసి, "ఊపిరి పూర్తిగా పీల్చండి" అంది.

"పీల్చానండీ."

"ఇంతేనా?"

"ఇంతేనండీ. ఇంకా కావాలంటే అప్పు తేవాలి."

ఆవిడకు నవ్వాగక సుద్దగీత వంకర పోయింది. ఆ నవ్వు ఆగకముందే పెళ్ళయిపోయిందని మేనత్త అందరికీ చెప్పేది.

ఆ కుర్రాడే తరువాత బంటు బాబాయి అయ్యాడు. ఎన్ని నాటకాలు మారినా ఆయనది బంటు వేషమే. "ప్రభూ! శత్రువులు కోట దాకా వచ్చేశారు!" అని పరుగెత్తుకొచ్చి చెప్పడం, చెప్పి పక్కకు తప్పుకోవడం. బక్కపలచని మనిషి. భుజాలు కాస్త ముందుకు వంగి, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు ఉండేవాడు. అయితే రాజు పాఠం మొత్తం ఆయన నోట్లోనే ఉంది. స్నానాలగదిలో బకెట్టు ఎదురుగా నిలబడి రాజులా గర్జించేవాడు. పక్కింటివాళ్ళు ఆ గర్జన విని, తెల్లారిందనుకుని పాల ప్యాకెట్లు లోపలికి తీసుకునేవాళ్ళు. వేషం లేనప్పుడు గుడ్డలగది మూలన కూర్చుని గుండీలు కుట్టేవాడు. ఆ పని మాత్రం మిషనక్క కన్నా ముచ్చటగా చేసేవాడు.

పెళ్ళాం మీద ఆయనకు ఒక్కటే ఫిర్యాదు.

"ఏమోయ్, ఇన్నేళ్ళలో స్టేజీ మీద నా మొహం ఎప్పుడైనా చూశావా?"

"ఎలా చూస్తానండీ? మీరు ఈటె ఎత్తినప్పుడల్లా చంక దగ్గర కుట్టు పట్టేస్తుంటే!"

నిజమే. తెర పక్కన నిలబడి ఆవిడ చూసేదల్లా కుట్లు. వాటి లోపల మొగుడున్నా ఒకటే, స్తంభం ఉన్నా ఒకటే.

ఇలా ఉండగా ఒకనాటి మధ్యాహ్నం రాజు వేషం వేసే పెద్ద నటుడికి గొంతు పోయింది. గుసగుస కూడా రాలేదు. సాయంత్రం ఆట. టిక్కెట్లన్నీ అమ్ముడుపోయాయి. మేనేజరు అందరినీ పోగుచేశాడు. ఎవరికి వస్తుంది ఆ పాఠం అని అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటుంటే, మూలనుంచి గుండీల డబ్బా పక్కన పెట్టి బాబాయి లేచాడు. మొదటి అంకం గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. రెండోది మొదలుపెడుతుంటే మేనేజరు ఆయన రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"సరే, నువ్వే. కానీ బాబాయ్, చూసేవాళ్ళకి రాజు కనబడాలి. నువ్వు నిలబడితే… ఏమనుకోకు… రాజుగారికి కబురు తెచ్చినవాడిలా ఉంటావు."

బాబాయి తలూపాడు. పిన్నికి మాత్రం ఒళ్ళు మండింది. మేనేజరు అన్న మాట అబద్ధం కాకపోవడం వల్ల ఇంకా ఎక్కువ మండింది. ఈ మనిషి ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఈ ఒక్క సాయంత్రం కోసం. ఇది పోతే మళ్ళీ ఎవరూ పిలవరు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆవిడకూ తెలుసు.

పెద్ద నటుడి కోటులో ఇద్దరు బాబాయిలు పడతారు. కొత్త మఖమలు తెప్పించే వ్యవధి లేదు. పిన్ని ఆ కోటును నిలువునా విప్పేసింది. వెడల్పాటి పాత చేతులు రెండూ బల్ల మీద పరిచి, కొత్త కొలతలు గీసింది. చేతులు కోసేటప్పుడు రెండు ముక్కలనూ మొహాలు, అంటే గుడ్డ మెరిసే వైపులు, ఎదురెదురుగా పెట్టి కోయాలి. అప్పుడే ఒకటి కుడి, ఒకటి ఎడమ అవుతుంది. మొన్న చేరిన పనివాళ్ళకు కూడా తెలిసిన సంగతి ఇది.

సరిగ్గా అప్పుడే బాబాయి వచ్చి నిలబడ్డాడు.

"ఏమోయ్, 'నా రాజ్యంలో' అన్నచోట ఆగనా, 'నా రాజ్యంలో కన్నీరుండదు' అని ఒకే ఊపులో అనేయనా?"

"ఆగండి" అంది పిన్ని, కత్తెర ఆడిస్తూనే. మేనత్త చూస్తే ఈసారి చీపురు తనే తీసేది.

మిషనక్క ఒక్కో చేతినీ కుట్టి విసిరేస్తుంటే, బాబాయి పెదాలు ఆడిస్తూ వాటి మణికట్టు చీలికలకు గుండీలు కుట్టాడు. చివరికి పిన్ని చేతులను కోటుకు తగిలించబోయింది. ఎడమది చక్కగా కూర్చుంది. రెండోది పట్టుకుంటే అటు తిప్పినా ఇటు తిప్పినా కుదరలేదు. దాన్ని ఎడమచేతి పక్కన పెట్టి చూసింది.

"మిషనక్కా," అంది గుసగుసగా, "రెండూ ఎడమ చేతులే!"

మిగిలిన మఖమలు జేబురుమాలుకు కూడా చాలదు. పిన్ని మూలకు చూసింది. బాబాయి కళ్ళు మూసుకుని పాఠం వల్లిస్తున్నాడు. ఇప్పుడు చెబితే ఆ పాఠం కాస్తా గాల్లో కలిసిపోతుంది. మిషనక్కకు పెదవి మీద వేలు పెట్టి చూపించి, ఆ ఎడమ చేతినే కుడివైపు తగిలించేసింది.

కోటు తొడుక్కున్న బాబాయి కుడిచెయ్యి ముందుకు చాపబోయాడు. భుజం దగ్గర పట్టేసింది.

"ఇదేమిటోయ్, చెయ్యి రావట్లేదు?"

"రాజులకి అలాగే ఉంటుందండీ" అంది పిన్ని. పెళ్ళయ్యాక గుడ్డ విషయంలో ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అది. "వాళ్ళు ముందుకి చాపి ఎవర్నీ అడగరు కదా! కాస్త వెనక్కి పెట్టుకోండి."

ఆయన చెయ్యి వెనక్కి తీశాడు. హాయిగా ఉంది. చెయ్యి వెనక్కి వెళ్ళేసరికి భుజం వెనక్కి వెళ్ళింది, ఛాతీ ముందుకొచ్చింది, తల దానంతటదే పైకి లేచింది. మేనేజరు తలుపు దగ్గర ఆగిపోయి, తెలియకుండానే పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

ఆ సాయంత్రం బాబాయి రాజే. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని, నడుము మీద ఆన్చి, అడుగు తీసి అడుగు వేస్తుంటే జనం ఊపిరి బిగబట్టారు. కన్నీరుండదు అనే ముందు ఆయన ఆగినచోట ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. పిన్ని మాత్రం తెర పక్కన నిలబడి ఆ కుడిభుజం కుట్టునే చూస్తూ, అది విడిపోకుండా చూడమని కనబడిన స్తంభానికల్లా మొక్కుకుంది. చప్పట్లు మోగాక గాని ఆట అయిపోయిందని ఆవిడకు తెలియలేదు.

ఆ ఆట చూసినవాళ్ళలో ఒక సినిమా డైరెక్టరు ఉన్నాడు. వారం తిరక్కుండా బాబాయికి కబురొచ్చింది. తన సినిమాలో రాజు వేషం. చిన్నదే, కానీ కథకు అదే ప్రాణం. "ఆ నిలబడటం ఉంది చూశారా, నాకదే కావాలి" అన్నాడు డైరెక్టరు. బాబాయి ఆ రోజు నుంచి కూరగాయలు కొనడానికి కూడా కుడిచెయ్యి వెనక్కి పెట్టుకునే వెళ్ళాడు.

స్టూడియోలో కోటు కోసే పని ఎలాగూ పిన్నిదే. ఈసారి కావలసినంత మఖమలు ఉంది. కెమెరా దగ్గరికొస్తే గుండీల చీలిక తప్పుడు వైపు ఉండటం ఇట్టే పట్టేస్తుంది. అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని, కుడికి కుడి, ఎడమకు ఎడమ కోసింది. అంత చక్కటి కోటు తన చేతిమీదుగా ఎప్పుడూ రాలేదనుకుంది.

బాబాయి అది తొడుక్కుని దీపాల కిందికి వెళ్ళాడు. చెయ్యి ముందుకు హాయిగా వచ్చేసింది. దాంతోపాటే భుజాలూ వచ్చేశాయి. పాఠం ఒక్క అక్షరం పొల్లు పోలేదు, కానీ సింహాసనం ముందు నిలబడింది మాత్రం పాత బంటే. మూడుసార్లు చేయించి డైరెక్టరు తల గోక్కున్నాడు.

"ఆ రోజు చూసిన రాజుగారేరీ? ఇలా అయితే ఇంకెవరినైనా చూడాలి."

బాబాయి మొహం చూడలేకపోయింది పిన్ని. "కాసేపు ఆగండి బాబూ, కోటులో చిన్న తేడా ఉంది" అని డైరెక్టరుతో చెప్పి, మొగుణ్ణి స్టూడియో గుడ్డలగదిలోకి లాక్కెళ్ళి తలుపు వేసింది. వేసీ వేయగానే ఏడుపు తన్నుకొచ్చింది.

"ఏమండీ, ఆవేళ నేను మీతో అబద్ధమాడాను. రాజుల చెయ్యీ లేదు, పాడూ లేదు. రెండూ ఎడమ చేతులే కోసేశాను. మీరేమో అది నిజమనుకుని…"

బాబాయి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కుర్చీలో కూలబడ్డాడు.

"పిచ్చిదానా! ఆ చేతులకి గుండీలు కుట్టిందెవరు? నేనే కదా! రెండింటికీ చీలిక ఒకే వైపు ఉంటే, నీ పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నవాణ్ణి, ఆ మాత్రం తెలీదా?"

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"తెలిసి ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే ఏం చేసేదానివి? ఏడ్చేదానివి. మఖమలు మీద నీటిబొట్టు పడితే మచ్చ పోదని నువ్వే కదా అంటావు!" ఆయన నవ్వు ఆపి, ఆవిడ చెంపలు తుడిచాడు. "పైగా నువ్వు నా కోసం అబద్ధమాడటం అదే మొదలు. దాన్ని నిలబెట్టాలనిపించింది. అందుకే ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే టేపు అందుకుంది. ఈసారి తప్పు కావాలనే చెయ్యాలి, అదీ సరిగ్గా చెయ్యాలి. కుడిచెయ్యి విప్పేసి, భుజం దగ్గర వంపును మాత్రం వెనక్కి లాగేలా కొత్త ముక్క కోసింది. గుండీల చీలిక ఎక్కడుండాలో అక్కడే ఉంచింది. మిషనక్కను పిలిచి కుట్టించింది. గుండీలు మామూలుగానే రాజుగారు కుట్టుకున్నారు. ఆ తరువాత దీపాల కింద ఆయన ఒక్కసారే చేశాడు. డైరెక్టరు రెండోసారి అడగలేదు. ఆ స్టూడియోలో ఇప్పటికీ రాజు వేషం వస్తే, కుర్రవాళ్ళు "పిన్నీ, మామూలు చెయ్యా, బాబాయి చెయ్యా?" అని అడిగి మరీ కుట్టిస్తారు.

సినిమా విడుదలయ్యాక ఇద్దరూ మ్యాటినీకి వెళ్ళారు. తెర మీద రాజు వచ్చినప్పుడు ముందు వరుసల్లో ఎవరో ఈల వేశారు. బాబాయి తెర వైపు చూడనే లేదు. పక్కన కూర్చున్న పెళ్ళాం ఏం చూస్తోందా అని ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు. దీపాలు వెలిగాక బయటికి నడుస్తూ, ఇంక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఏమోయ్, అంత పెద్ద తెర మీద కుట్టు ఎలా కనబడింది? చెయ్యి బాగా కూర్చుందా?"

పిన్ని కొంగు సర్దుకుంది.

"చెయ్యి చూడలేదండీ."

"చూడలేదా! మరి ఇంతసేపూ ఏం చూశావు?"

"మిమ్మల్నే" అంది పిన్ని.