ధర పెరిగితే కాఫీ

పాకాలలో నేను ఫిలిం రీళ్ళు కొనే స్టూడియో ఆయన, ఆ రీళ్ళు తయారుచేసే కంపెనీ గురించి, మంచం పట్టిన మేనమామ గురించి అడిగినట్టు అడిగేవారు.

"ఎట్లుండాదప్పా మన కంపెనీ?"

ఆయనవన్నీ ఫిలిం కెమెరాలే. కంపెనీ మూతపడితే అవి ఉత్త బొమ్మలు. నేను ఇంజనీరును, ఆ కంపెనీ వార్తలు పత్రికల్లో చదివేవాణ్ణి కాబట్టి దాని ఇబ్బందులన్నీ వరసగా చెప్పేవాణ్ణి: కొనేవాళ్ళు తగ్గారు, ఫిలింలో వాడే వెండి ఖరీదు పెరిగింది, పాత యంత్రాలకు విడిభాగాలు దొరకడం లేదు. ఆయన కళ్ళు మూసుకుని అంతా విని, చివరికి ఒకటే అడిగేవారు.

"ధర పెంచినారా, తగ్గించినారా?"

పెంచారంటే ముఖం వెలిగిపోయేది. వెంటనే నాకు కాఫీ తెప్పించేవారు.

"మూసేసేవాడు ధర పెంచడబ్బా. ఇంకా ప్రాణముండాది."

ఆ ధరకు కొనాల్సింది నేనే కనుక కాఫీ కాస్త చేదుగానే ఉండేది.

ఒకరోజు నేనక్కడ ఉండగానే చిత్తూరు నుంచి కంపెనీ ఏజెంటు నవ్వుతూ వచ్చాడు.

"ఈ నెల స్కీము వచ్చిందన్నా. ఒక రీలు కొంటే ఇంకోటి ఉచితం."

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"అంత ముదిరిపోయిందా?"

గల్లాపెట్టె తెరుస్తూ అన్నారు. "ఉచితం నాకొద్దు. రెండిటికీ పూర్తి దుడ్డు తీసుకో. పాకాలలో బాగా అమ్ముడుపోతా ఉండాదని పైవాళ్ళకు చెప్పు."

"కుదరదన్నా."

"రెండోదానికి ముప్పావు ధరన్నా తీసుకో."

ఏజెంటు తల అడ్డంగా ఊపాడు.

"సరే, సగం. అంతకు తగ్గితే నాకు గిట్టదబ్బా."