ఇన్సులిన్ వేసుకుని అలిగిన రోజు

ఒక్క కేకు ముక్క కోసం అలిగి, ఎల్.బి.నగర్‌లో పట్టపగలు పరువూ ప్రాణమూ రెండూ జారవిడుచుకోబోయిన కథ ఇది. ప్రాణం దక్కింది. పరువు సంగతి మీరే తేల్చండి.

పన్నెండో ఏట నాకు షుగర్ వచ్చింది. అప్పటినుంచి ఇన్సులిన్ సూది నాకు దువ్వెనలాగా నిత్యావసరం. అంతకుముందు నుంచే ఇంకో జబ్బుంది, నన్ను ఎవరేమన్నా మర్చిపోకపోవడం. ఆరో తరగతిలో నా పక్కన కూర్చోనని బెంచీ మారిన అమ్మాయి ఇంటిపేరు ఇప్పటికీ చెప్పగలను. అడగకండి, నిజంగానే చెప్పేస్తాను.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కి వెళ్లేదాన్ని. ఇల్లు ఎల్.బి.నగర్. మా వీధి మొదట్లో యాదగిరి అంకుల్ కిరాణా కొట్టు. ఆయనది నల్గొండ దగ్గర పల్లె, మాది గుంటూరు వైపు. మా ఇద్దరి మధ్యా యుద్ధానికి కారణం మాత్రం ప్రాంతం కాదు, కూల్‌డ్రింకు.

"అంకుల్, డైట్‌ది అడిగితే మామూలుది ఇచ్చారేంటి? నన్ను చంపేద్దామనా?"

"రెండూ గొక్క ఫ్రిజ్‌లనే ఉంటయి బిడ్డా, జర చెయ్యి తప్పింది."

"తప్పింది చెయ్యి కాదండీ, బాధ్యత!"

ఆ దెబ్బకి ఆయన ఫ్రిజ్‌లో పై అర మొత్తం నా డైట్ డబ్బాలకే వదిలేశాడు. నేను ఊరుకుంటానా? చల్లగా లేదన్నాను. డబ్బాకి సొట్ట ఉందన్నాను. సొట్ట లేని రోజున దుమ్ముందన్నాను. రెండేళ్లపాటు నేను మెట్లెక్కడం చూస్తే చాలు, ఆయన మొహం తనిఖీ అధికారిని చూసిన హోటలు యజమాని మొహంలా అయిపోయేది.

డైట్ డ్రింకు తాగుతున్నాను గనక నా అంత నిష్ఠ గల మనిషి లేడని నా నమ్మకం. ఒక చేతిలో డైట్ డబ్బా, ఇంకో చేతిలో మిర్చి బజ్జీల పొట్లం. "డబ్బాలో చక్కెర లేకపోతే బజ్జీలో పిండి మాయమైపోతుందా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. ఆ మాటా మర్చిపోలేదు. పాటించలేదంతే.

ఇక ఆ రోజు. మా కోచింగ్‌లో నా స్నేహితురాలు స్రవంతి పుట్టినరోజు. బటర్‌స్కాచ్ కేకు, ఎగ్ పఫ్ ఉన్నాయని ముందే కూపీ లాగాను. అమ్మ కట్టిన బాక్సు వద్దన్నాను. మధ్యాహ్నం కేకు కోసే ముందు ఆ రెండిటికీ సరిపడా లెక్కేసుకుని ఇన్సులిన్ పొడుచుకుని, పెళ్లిపంక్తిలో మొదటి విస్తరి ముందు కూర్చున్నట్టు ముందు వరసలో నిలబడ్డాను.

స్రవంతి అందరికీ కేకు పంచింది. నా దగ్గరికొచ్చేసరికి సంచిలోంచి డైట్ డబ్బా తీసింది.

"నీకు షుగర్ కదనే! గందుకే నీకోసం స్పెషల్‌గ ఇది తెచ్చిన."

అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు! ఆ పద్నాలుగు మంది పేర్లూ నాకు గుర్తే.

"గట్ల చూస్తవేందే? పోనీ పఫ్ తినరాదు?"

"నాకు ఆకలి లేదు."

"అలిగినవా?"

"నేనా? ఎందుకు అలుగుతాను?" అని ఆ డబ్బా గటగటా తాగి, సంచి భుజాన వేసుకుని మెట్రో ఎక్కాను.

వేసుకున్న ఇన్సులిన్‌కి నా అలకతో పనేముంది? దాని పని అది చేసుకుపోయింది. మూడో స్టేషను ఎల్.బి.నగర్‌లో దిగేసరికి చెమటలు, వణుకు. లోపల తీపి డ్రింకు ఉంది కదా, ఏం కాదులే అనుకున్నాను. అందులో చక్కెర ఉండదని రెండేళ్లుగా ఊరందరికీ ఉపన్యాసాలిచ్చిన మనిషిని నేనే!

ఎలాగో యాదగిరి అంకుల్ కొట్టు చేరాను.

"డైట్‌ది ఒకటి."

ఆయన ఇచ్చాడు. డబ్బాకి ఇంత సొట్ట. నేను దాన్ని రెండు చేతులా అందుకుని, "చాలా థాంక్స్ అంకుల్. మీరు చాలా మంచివారు," అన్నాను.

ఆయన ఉలిక్కిపడి, నా చేతిలో డబ్బా లాక్కున్నాడు.

"సైదమ్మా! జల్ది రా! పిల్లకేదో అయింది!"

లోపలినుంచి ఆయన భార్య పరుగున వచ్చింది. ఆవిడకీ షుగరే. నా నుదురు ముట్టుకుని చూసి, "చెమటలు జూడయ్యా, షుగర్ పడిపోయింది. మామూలు డ్రింకు తియ్యి," అంది.

"వద్దు ఆంటీ... నాకు షుగర్... డైట్‌దే..."

"ఇప్పుడు నీకు షుగరే గావాలె. నోర్మూసుకొని తాగు బిడ్డా!"

నోరు మూసుకుని ఎలా తాగుతానని అడగబుద్ధి కూడా పుట్టలేదంటే నా పరిస్థితి ఊహించుకోండి. తాగాను. ఓ పావుగంటకి కళ్లముందు కొట్టు కొట్టులా కనిపించింది. సీసా వైపు చూశాను.

"అంకుల్, ఇది అసలు చల్లగా లేదు."

"సైదమ్మా! పిల్ల మంచిగైంది! లొల్లి పెడుతున్నది!"

ఆ సంతోషం ఆయన సొంత కూతురికి మొదటి ర్యాంకు వచ్చినా ఉండదేమో. సైదమ్మ ఆంటీ గిన్నెనిండా పెరుగన్నం కలిపి తెచ్చింది. ఉప్పు తక్కువైంది. ఆ ఒక్కసారికి చెప్పలేదు. మెతుకు మిగల్చకుండా తిన్నాను. తింటుంటే ఎందుకో ఏడుపొచ్చింది.

"మీకెలా తెలిసింది అంకుల్?"

"రెండేండ్ల సంది నువ్వు నాకొక్కసారన్నా థాంక్స్ చెప్పినవా బిడ్డా?"

చెప్పలేదు. అన్ని అవమానాలు గుర్తుపెట్టుకున్న బుర్రలో, నాకోసం ఒక మనిషి ఫ్రిజ్‌లో అర ఖాళీ చేశాడన్న సంగతికి చోటు లేకపోయింది. ఆ రోజు నుంచి అదే మొదటి వరసలో ఉంది.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇన్సులిన్ వేసుకున్నాక ప్రాణం పోయినా అలగను. నన్నెవరైనా అవమానిస్తే ముందు కడుపునిండా తిని, చేతులు కడుక్కుని, మూతి తుడుచుకుని, ఆ తర్వాతే అలుగుతాను.