ఒకే అట్టలో రెండు పుస్తకాలు

మెట్రో రైలు ఎల్బీ నగర్ దాకా వచ్చిన ఏడాది, దసరా సెలవులు అయిపోయిన సోమవారం నాడు, నన్ను దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో ఉన్న శాఖా గ్రంథాలయానికి అటెండరుగా బదిలీ చేశారు. నా చదువు ఏడో తరగతి. మా ఆయన పోయాక కారుణ్య నియామకం కింద వచ్చిన ఉద్యోగం ఇది. హోదాల్లో అటెండరుదే చివరి మెట్టు. తాళం తీయడం, ఊడ్చడం, పేపర్లు పరచడం, చిరిగిన పుస్తకాలకు అట్టలు కుట్టడం నా పనులు. ఆ కుట్టుపని పాత శాఖలో నేర్చుకున్నాను. మైదా ఉడికించి చిటికెడు మైలుతుత్తం కలిపితే ఆ జిగురును పురుగు ముట్టదు.

మా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ కోచింగ్ పిల్లలే. పిల్లలంటున్నాను గానీ కొందరికి నెత్తి మీద వెంట్రుకలు పలచబడ్డాయి. వాళ్లకు కావలసింది గైడ్లు, కుర్చీ, ఫ్యాను గాలి. కథల బీరువా తలుపు కీచుమంటే అందరూ తలెత్తి చూసేవారు. అంత అరుదైన చప్పుడది.

ఆ చప్పుడు వారానికోసారి, శనివారం పొద్దున, ముక్తేశ్వరరావు గారు చేసేవారు. కోనసీమ నుంచి వచ్చి ఇక్కడి కొత్తపేటలో స్థిరపడిన మనిషి. కరెంటు ఆఫీసులో మీటర్ల విభాగంలో చేసి రిటైరయ్యారు. ఈ దిక్కంతా రాళ్లూ ద్రాక్షతోటలుగా ఉన్న రోజుల్లో, చంద్రుడి మీదా యంత్రాల మీదా తెలుగులో నవలలు రాసిన మొదటి వాళ్లలో ఆయనొకరు. బీరువా తీసి, తన నవల ‘ఆకాశపు కిరాయిదారులు’ వెనక అట్ట తిప్పి, తేదీ చీటీ చూసుకునేవారు. పుస్తకం ఎవరు తీసుకున్నా తిరిగి ఇవ్వాల్సిన తేదీ ముద్ర పడే చీటీ అది. దాని మీద ముద్రలన్నీ ఆయన కార్డువే.

“నేను రాసినప్పుడు స్తంభాల మీద రైలు మూసీ దాటుతుందంటే పడీపడీ నవ్వారమ్మా, యాదమ్మా. ఇప్పుడు ఎవరికైనా ఇస్తే, ఉన్న రైలు గురించి రాయడానికి మీరెందుకండీ అంటున్నారు,” అన్నారు ఒకసారి. ఆయన ఇంట్లో ఉన్న కాపీలు చెదలు తినేశాయి. మిగతా మూడు నవలలు అంతకుముందే మా బీరువాలోంచి పోయాయి. ఇదొక్కటే మిగిలింది.

ఎట్లా పోయాయంటే, గ్రంథాలయాల్లో రద్దు జాబితా అని ఒకటుంటుంది. కొన్నేళ్లపాటు ఎవరూ తీసుకోని పుస్తకాన్ని మూటకట్టి కాగితపు మిల్లుకు పంపిస్తారు. నేను చేరిన మూడో నెలలో జాబితా రాయమని ఉత్తర్వు వచ్చింది. మా లైబ్రేరియన్ నర్సింహ సారు మంచివాడే, కాకపోతే నిబంధనను దేవుడి ప్రసాదంలా కళ్లకద్దుకునే రకం. ఆయన ఈ నవలను కూడా జాబితాలో వేశాడు.

“సారూ, చీటీ మీద ముద్రలున్నయి గదా,” అన్నాను.

“రాసినాయనే తీస్కపోతే గది లెక్కకు రాదు యాదమ్మా. వంటామె తినంగనే అతిథులు తిన్నట్టా?”

సంగతి రావు గారికి చెప్పాను. ఆయన బతిమాలలేదు. “నేను కానివాడు ఒక్కడు చివరిదాకా చదివి ఉంటే, మిల్లుకు పంపినా నాకు బాధ లేదమ్మా,” అన్నారు.

ఆ వారం నా కుట్టు బల్ల మీద ఒక జనరల్ నాలెడ్జ్ గైడు ఉంది. అట్టలు ఊడి, నడుము విరిగి, దాని కోసం పది మంది కాచుకుని ఉన్నారు. నవల కూడా సరిగ్గా అదే కొలత. గైడు వెనక నవల పెట్టి, రెండింటికీ కలిపి సూది దించి, ఒకే అట్ట వేసి, ఇటుకల కింద బరువుకు పెట్టాను. ఇది తప్పు. స్టాకు రిజిస్టరులో ప్రతి పుస్తకానికీ ఒక చేర్పు నంబరుంటుంది. రెండు నంబర్లు ఒకే అట్టలోకి పోతే కాగితం మీద ఒక పుస్తకం మిల్లుకు పోయినట్టు, ఒక పుస్తకం ఒళ్లు చేసినట్టు. ఇంకో తప్పు తెలియక జరిగింది. జిగురు పలచనై, నవల పేరున్న పేజీ గైడు ఆఖరి పేజీకి అతుక్కుపోయింది. గైడు అయిపోగానే పేరూ ఊరూ లేకుండా నవల మొదలైపోయేది.

దానికి తోడు రావు గారు ఆఫీసు మనిషి. అధ్యాయాలకు పెట్టిన పేర్లు ‘నీటి సరఫరా’, ‘రవాణా’, ‘గృహవసతి’, ‘ఫిర్యాదుల విభాగం’.

బాలాపూర్ నుంచి స్వరూప అనే అమ్మాయి వచ్చేది. ముప్ఫై ఏళ్లుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి, వయసు దాటకముందే సర్కారు నౌకరీ కొట్టాలని పట్టుదల. ఆమె ఒక్క పేజీ వదలదు. గైడు అయిపోయాక నవల కూడా చదివి, గీతలు గీసి, పాయింట్లు రాసుకుంది. ఆమె పాయింట్లను గదంతా ఎక్కించుకుంది. ఒకరోజు గొడవ వినబడితే వెళ్లాను.

“కర్మన్‌ఘాట్ ట్యాంకుకు చంద్రుని మీది ఆరో నంబరు రిజర్వాయర్‌కెళ్లి నీళ్లొస్తయి, రోజు ఇడిసి రోజు. గిది ఎన్నడు చాలు చేసిన్రే?” అని ఒకడు అడుగుతున్నాడు.

“మొన్ననే అయ్యుంటది. కరెంట్ అఫైర్స్ల సూడు.”

“రోజు ఇడిసి రోజు అంటే నిజమే ఉంటది తియ్,” అంది స్వరూప. తర్వాత పేపర్ల బల్ల దగ్గరున్న రావు గారి దగ్గరికి పుస్తకం పట్టుకుపోయింది. “తాతా, పేపరంతా నములుతవు గదా, జర ఈ డౌటు చెప్పు.”

రావు గారు పేజీ చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. తలెత్తి నన్ను చూశారు. నేను చీపురు చూసుకున్నాను.

“తర్వాత ఏమవుతుందమ్మా?” అని అడిగారు ఆమెను.

స్వరూప నిలబడే చెప్పింది. చంద్రుడి మీద వాల్వు తిప్పే మల్లయ్య అక్క పెళ్లికి సెలవు అడగడం, మంజూరు చేయాల్సిన అధికారి తానే సెలవులో ఉండటం, మల్లయ్య వాల్వు కట్టేసి కూర్చుంటే భూమి మీద బిందెల కొట్లాటలు, అన్నీ వరసగా చెప్పింది. ఒక్క ముక్క తప్పలేదు. “సదువుతుంటే మా వాడకట్టే యాదికొచ్చింది తాతా. రాసినోడెవడో గానీ నల్ల కాడ నిలబడ్డోడే.”

“రాసింది నేనేనమ్మా.”

“ఏ పో తాతా, పరాచికాలా! మీ ఇంటికి ట్యాంకరొస్తది.”

రుజువుగా పేరున్న పేజీ నా జిగురు కింద ఉంది. నోరు విప్పితే నాకు మెమో వస్తుంది. విప్పలేదు. ఆయన కూడా నన్ను పట్టివ్వలేదు. ఒక్కడు దొరికితే చాలన్న మనిషికి గదినిండా దొరికారు. ఆయనే రాశాడంటే నమ్మేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

మరుసటి ఏడాది గైడుకు కొత్త ముద్రణ వచ్చింది. పాత గైడు కాబట్టి, చీటీ మీద ముద్రలు కిక్కిరిసి ఉన్నా, రద్దు జాబితాలో పడింది. దేన్ని పట్టుకుని నవలను ఒడ్డున పడేశాననుకున్నానో అదే మునుగుతోంది. అప్పుడు స్వరూప సూచనల రిజిస్టరులో రాసింది: కొత్త గైడులో నీటి సరఫరా పాఠం తీసేశారు, పాతదే ఉంచగలరు. దాని కింద ఒక పేజీ నిండా సంతకాలు.

నర్సింహ సారు ఆ పాఠం ఏమిటో అని పుస్తకం తెప్పించుకుని చదివాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీయకుండానే చదివాడు. ఆఖరి పేజీ మూసి నన్ను పిలిచాడు.

“యాదమ్మా, ఏందిది?”

“నేనే కుట్టిన సారూ.”

“కుట్టినట్టే ఇప్పు.”

తడిబట్ట వేసి, కత్తి వెనక అంచుతో మెల్లగా లేపితే పేరున్న పేజీ ఊడి వచ్చింది. చిక్కు ఇంకోటుంది. రద్దయి మిల్లుకు పోయిన పుస్తకం మళ్లీ ఎట్లా వస్తుంది? దానికి నిబంధన లేదు. విరాళానికి ఉంది. నర్సింహ సారు విరాళం ఫారం తీసి, దాత: గ్రంథకర్త అని రాసి, రావు గారిని పిలిపించాడు. తనది కాని పుస్తకాన్ని తానే దానం ఇస్తున్నట్టు ఆయన సంతకం చేశారు. ఫారం మీది పేరు, పేజీ మీది పేరు పక్కపక్కన పెట్టి చూసింది స్వరూప.

“తాతా, నిజంగ నువ్వేనా! మరి మల్లయ్యకు సెలవెందుకియ్యలే?”

“నాకూ ఇవ్వలేదమ్మా,” అన్నారాయన.

నవలకు విడిగా మంచి కాలికో గుడ్డ అట్ట వేసి, వీపు మీద పేరు రాసి, కథల బీరువాలో పెట్టాను. ఆ తర్వాత దాన్ని ఎవరూ తీసుకోలేదు. నవల అని తెలిసిపోయింది గదా, పరీక్షకు రాదు. స్వరూపకు నీటి సరఫరా శాఖలోనే ఉద్యోగం వచ్చింది, ఫిర్యాదుల విభాగంలో. రావు గారు పోయిన రెండో రోజు సంతాప సభలో పెద్దలు మాట్లాడుతూ ఆయన నవలలు ప్రతి గ్రంథాలయంలోనూ ఉన్నాయన్నారు. ఏ బీరువాలోనో చెప్పలేదు.

నా ఉద్యోగంలో నేర్చుకున్నది ఇంతే. చదివేవాడు ఎందుకు చదువుతున్నాడన్నది పుస్తకం పట్టించుకోదు; మనమూ పట్టించుకోకూడదు. నేను రిటైరయ్యాక ఒక కార్డు తీసుకున్నాను. అప్పుడప్పుడు శనివారం పోయి ఆ నవల తెచ్చుకుని, వేలు పెట్టుకుని చదివి, ముద్ర వేయించి వస్తాను. రాసినాయన కార్డు లెక్కకు రాదన్నారు. అట్ట కుట్టినామె కార్డు గురించి నిబంధనలో ఏమీ లేదు. నర్సింహ సారును అడిగే వచ్చాను.